బలం గోలీలు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షల పిల్లలకు నేను జీవశాస్త్రం చెబుతాను. కణం మీద కబురు అందుకునే గ్రాహకం బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అలాంటిది మార్కర్ మూత కూడా తీయలేని రోజొచ్చింది. కీళ్లవాతం. బోర్డు మీద రాయలేకపోతే పాఠం లేదు, నాకు వేరే పని రాదు. భయమేసింది. భయంకన్నా కోపమే ఎక్కువొచ్చింది.

నారాయణగూడలో డాక్టరు ఇంజెక్షన్ రాశారు. "మీ కీళ్ల పొరలో కణాల మీద గ్రాహకాలుంటాయి కదా మేడమ్. వాపు కబురు మోసే రసాయనం వాటి మీద వాలితే పొర ఉబ్బి ఎముకను తినేస్తుంది. ఈ మందు ఒక దొంగ గ్రాహకం. ఆ రసాయనాన్ని దారిలోనే పట్టేసుకుంటుంది." నాకే పాఠం చెబుతున్నాడే అనుకున్నాను.

ఇంజెక్షన్ రోజు చిక్కడపల్లి ఇంటి నుంచి అత్తమ్మ కూడా వచ్చింది. ఆవిడకూ నాకూ పడదు. నేను కాపురానికొచ్చిన ఏడాదే తన కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. కడుగుదామని ముట్టుకుంటే లాక్కునేది. నేనంటే అంత అసహ్యమా అని పన్నెండేళ్లు లోపల్లోపలే ఉడికిపోయాను.

నర్సు ఐసు డబ్బా తెరిచింది. "టీబీ పరీక్షలో ఏమీ రాలేదు," అన్నారు డాక్టరు. "కానీ మీరు స్టెరాయిడ్ వాడుతున్నారు, ఆ పరీక్షను పూర్తిగా నమ్మలేం. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?"

"లేదండీ."

అత్తమ్మ నా కొంగు లాగింది. విదిలించుకున్నాను. "కాసేపు ఊరుకోండి అత్తమ్మా."

నర్సు జబ్బ మీద దూదితో తుడిచి సిరంజి ఎత్తింది.

"డాక్టర్ సాబ్, జర ఆగుండ్రి," అంది అత్తమ్మ. "నాకొచ్చింది. ఈ పిల్ల మా ఇంటికొచ్చిన ఏడాదే. అప్పుడు నా బిడ్డకు సంబంధాలు చూస్తున్నం. ఎవరికన్న ఎరుకైతే పెండ్లి ఆగుతదని, బలం గోలీలని చెప్పి ఆర్నెల్లు మింగిన."

ఆ గోలీలకు ఆవిడ గ్లాసులో నీళ్లు పోసింది నేనే. నీరసంగా ఉంది, నాకూ ఒకటివ్వండని అడిగితే కసిరింది కూడా.

డాక్టరు సిరంజి లోపల పెట్టించారు. "అప్పుడు మీకూ అంటి, క్రిమి మీ ఒంట్లో దాక్కుని ఉంటే దాన్ని కట్టడి చేసేది కూడా ఆ వాపు కబురే. అది ఆపితే క్రిమి లేస్తుంది. ముందు దానికి మందులు, ఆ తర్వాతే ఇంజెక్షన్."

పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. నా ఒంటి దాకా వచ్చేసరికి గుర్తే రాలేదు.

ఆటోలో అత్తమ్మ అడిగింది. "కోపమొచ్చిందా?"

"వచ్చింది. పన్నెండేళ్లు మిమ్మల్ని తిట్టుకున్నాను."

"తిట్టుకుంటే తిట్టుకున్నవు తీ. నీకు అంటొద్దనే గ్లాసు ముట్టనియ్యలే. తర్వాత అదే అలవాటైపాయె."

నాలుగో రోజు నాకూ గోలీలు మొదలయ్యాయి. నీళ్లడిగితే అత్తమ్మ నా గ్లాసు తెచ్చింది. నేను అలమరలోంచి ఆవిడ గ్లాసు తీసి, వాచిన వేళ్లతో రెండు చేతులా పట్టుకుని, అందులో నీళ్లు పోయమన్నాను. ఆవిడ లాక్కోలేదు. పోసింది.