గడప దాటిన కాలు

కర్నూలు రాజధాని ముచ్చట తీరిపోయిన కొత్తలో, ఆదోనిలో నేనూ మా అన్నా పనిచేసే నూలు మిల్లుకు సర్కారు బీమా వచ్చింది. మమ్మల్ని అడగకుండానే జీతంలో పట్టుకునేవాళ్లు. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నేను మిల్లులో అందరికీ చెప్పేవాణ్ని, జబ్బు పడనివాడే నష్టపోతాడని. అందరూ నవ్వేవాళ్లు.

అన్న కాలు మెషీను బెల్టులో పడింది. ఆసుపత్రిలో కుట్లు వేసి, కాలు కదిలిస్తే కుళ్లుతుందనీ, కట్టు మార్చడానికి కాంపౌండరే ఇంటికి వస్తాడనీ, అది బీమాలో ఉందనీ చెప్పారు. నిజంగానే వచ్చాడు. సైకిలు గోడకానించి, పుండు కడిగి, కొత్త కట్టు కట్టేవాడు. అంతకుముందు సర్కారు మా గడప తొక్కింది జప్తుకే.

ఇంతలో అన్నకు జ్వరం వచ్చింది. కలవరింతలు మేం అద్దెకున్న ఇంటామె చెవిన పడ్డాయి. మా వైపు చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసేయాలి. ఆమెకు మా గది అద్దే కూడు.

"తప్పుగా అనుకోవద్దప్పా. ఊర్లో మీ అమ్మ ఉండాది గదా, ఆడికి తీసకపో."

"కదిలిస్తే కాలు పోతాదంటక్కా."

"కదిలీకుంటే నా ఇల్లు పోతాది."

కబురు పెడితే అమ్మ కూడా పరాయి గడపలో ఉంచొద్దంది. దుప్పట్లో మోసుకెళ్లి, రైలెక్కించి, మా ఊరు కోసిగి చేర్చాం. కాంపౌండరు వచ్చి తాళం చూసి వెళ్లాడట. అతని కోసం దవాఖానాకు పరుగెత్తాను.

"కోసిగికి రా సార్."

"బీమా ఆదోని వరకేనప్పా. కోసిగికీ రాను, ఎమ్మిగనూరుకూ రాను."

"కాలేమో ఆడుండాది, బీమా ఈడుండాది. రెండిటికీ పెండ్లి యాడ చేద్దాం సార్?"

నవ్వాడు. చెడ్డవాడు కాదు. "ఈ ఊర్లోనే యాడన్నా గది చూడు. ఆ పొద్దే వస్తా."

గదికోసం వీధి వీధీ తిరిగాను. ఎవరికని అడిగేవాళ్లు. మంచాన పడ్డ మనిషికనగానే, ఖాళీ గదిలోకి అప్పటికప్పుడు చుట్టాలు దిగేవాళ్లు. చివరికి పత్తి బస్తాలు వేసే పాత కొట్టం ఒకటి దొరికింది. అన్నను మళ్లీ రైలెక్కించాను. ఈలోగా అమ్మ పుండుకు పసుపూ ఆకుపసరూ మెత్తింది. పాపం, ఆమెకు తెలిసిన వైద్యం అదే.

కాంపౌండరు మాట ప్రకారం వచ్చాడు. కట్టు విప్పి, ఒకసారి చూసి, కడగకుండానే మళ్లీ చుట్టేశాడు.

"బళ్లారి పెద్దాసుపత్రికి తీసకపో. ఈ పొద్దే."

అక్కడ మోకాలి పైదాకా కాలు తీసేశారు.

కొట్టానికి తిరిగొచ్చాక పాత ఇంటామె అరటిపండ్లతో చూడ్డానికి వచ్చింది. అన్న పక్కన కూర్చుని, దుప్పటి పల్లంగా పడిన చోటు చూసి నిజంగానే ఏడ్చింది.

"బతుకుతాడని తెలిసింటే పంపుతాంటినా నాయనా?"

అన్న నా ముఖంలోకి చూశాడు, ఏదో ఒకటి అంటానని. ఒక పండు ఒలిచి అతని చేతిలో పెట్టాను.