డ్రైవరు పక్క తలుపు

మా మేస్త్రి పోయిన సంగతి ఫోనులో తెలిసింది. ఆ పొద్దు నేను డోన్‌లో పాత ఇనుప సామాన్ల అంగట్లో ఒక బంపరు కోసం వెతుకుతున్నాను. ఆయన భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే మనిషి, "మీ మేస్త్రి ఇంక లేయలేదు నాయనా" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవరన్నా వచ్చినారా పెద్దమ్మా?"

ఎవరూ రాలేదు. గుండెపోటని డాక్టరు చెప్పినాడు. నేను నమ్ముతున్నాను. ఆ గుండె మీద ఇన్నేళ్లు బరువు పెట్టినవాళ్ల పేర్లు మాత్రం ఏ డాక్టరూ చెప్పడు.

నంద్యాలలో, ఆళ్లగడ్డకు పోయే రోడ్డు మీద ఆయన టింకరింగ్ షెడ్డు. సొట్టలు తీయడం, రేకు అతకడం, రంగుకు ముందు లప్పం పూయడం నాకు ఆయన దగ్గరే వచ్చాయి. నాకు ఏ సర్టిఫికెట్టూ లేదు. చూసి నేర్చుకున్నదే చదువు.

ఆయన రోడ్డుకు వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. హోటల్లో గోడ పక్క బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడేవాడు. బయట బండి సైలెన్సరు పేలితే ఆయన చేతిలో టీ తొణికేది. హోటలాయన నవ్వేవాడు: "ఏంది మేస్త్రీ, పెండ్లికూతురు మాదిరి అదురుతాండావ్?"

"నువ్వు దోసె తిప్పప్పా, మాడతాండాది" అనేవాడు మేస్త్రి.

నాకు ఆ భయం చూస్తే ఒళ్లు మండేది. ఒకరోజు మొహం మీదే అడిగేశాను. "భయం ఉండాలరా. భయం లేనోడు గ్యాసు కట్టరు పట్టకూడదు" అన్నాడు. అసలు జవాబు అది కాదని ఇద్దరికీ తెలుసు.

మొన్న ఎండాకాలంలో ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక కుర్రాయన పాత అంబాసిడర్‌ను లారీ మీద వేయించుకొని వచ్చాడు. తెల్లచొక్కా, ఖరీదైన ఫోను, వెనక ఇద్దరు మనుషులు. "మా తాత బండి మేస్త్రీ. చేతులు మారి యాడికో పోయింటే వెతికి తెచ్చుకున్నా. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఎట్లుండెనో అట్ల కావాల. దాని చరిత్ర గూడా కావాల. ఏ రంగుండె, యాడ దెబ్బ తగిలె, అంతా. ఇంటి ముందర నిలబెట్టి బోర్డు పెడతా" అన్నాడు.

మేస్త్రి ఆ తాత పేరు అడిగాడు. విన్నాక మెల్లగా స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"ఈ బండికి ఒక యాక్సిడెంటైంది గదప్పా?"

"అవును మేస్త్రీ. రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గోడకు గుద్దుకున్నాదంట. డ్రైవరు పోయినాడు, వెనక సీట్లో మా తాతకు గీత గూడా పడలేదంట. దేవుడే కాపాడినాడు."

వాళ్లు పోయాక మేస్త్రి నాతో అన్నాడు: "ఆ డ్రైవరు మా అన్నరా."

ఇంట్లో వాళ్లకూ ఆ మోరీ కథే చెప్పి, మూటగట్టిన శవాన్ని అప్పగించారట. మూట విప్పనివ్వలేదట. అది నిజమేనా అన్న ప్రశ్న పెట్టుకొని ఆయన ముసలివాడయ్యాడు. ఇప్పుడు జవాబు షెడ్డులో నిలబడి ఉంది. దాని రంగు గీకి చూడాలంటే ఆయనకు చేతులు రావడం లేదు.

"నేను గీకుతా, నువ్వు చూడు" అన్నాను.

పైన వెండిరంగు, దాని కింద తెలుపు, దాని కింద నలుపు. అడుగున నలుపే పుట్టు రంగు. బానెట్, మడ్‌గార్డులు, రేడియేటరు ముందరి పట్టీ, అంతా గీకాం. ఎక్కడా సొట్ట తీసిన గుర్తు లేదు, అతుకు లేదు. మోరీకి గుద్దుకున్న బండి ముక్కు అట్లా ఉండదు. డ్రైవరు పక్క తలుపు ఒక్కటే గీకితే అడుగున ఆకుపచ్చ తేలింది. ఆ తలుపు వేరే బండిది. అసలుది పీకేసి దీన్ని తగిలించారు.

మేస్త్రి వెనక తలుపుల లోపలి అట్ట విప్పమన్నాడు. విప్పాను. రెండు తలుపుల్లోనూ మందపాటి ఇనుప పలకలు. ఆ రోజుల్లో పగలూ కక్షలూ ఉన్న పెద్దమనుషులు తూటాలకు, బాంబులకు అడ్డంగా అట్లా వేయించుకునేవాళ్లట. ముందరి రెండో తలుపు బండితో పుట్టిందే, దానికి పలక పట్టిన గుర్తే లేదు.

"రంగు అబద్ధం చెప్తాదిరా, రేకు చెప్పదు" అన్నాడు. ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు.

నేను సుత్తి విసిరికొట్టాను. ఆళ్లగడ్డకు పోయి అందరి ముందరా అడుగుదామన్నాను. "అరవద్దురా, రోడ్డు మీద జనముండారు" అని షట్టరు దించాడు. వారం పొడుగునా ఆయన అన్నం సరిగా తినలేదు. "చెప్పకుంటే మా అన్నకు మొహం చూపీలేను. చెప్తే నీకేమన్నా అయితాదేమో" అని ఒకటే మాట.

కుర్రాయన మళ్లీ వచ్చినప్పుడు మేస్త్రి ఆయన్ను డ్రైవరు సీట్లో కూర్చోమని తలుపు మూశాడు. బయటినుంచి వేలితో కొట్టాడు. డబ్బా మాదిరి మోగింది. వెనక తలుపు కొట్టాడు. గోడను కొట్టినట్టుంది.

"చరిత్ర అడిగితివి గదప్పా. ఇదే. ఈ బండి ఏ మోరీకీ గుద్దుకోలేదు. ఆ డ్రైవరు మా అన్న."

వెంట వచ్చినవాళ్లలో ఒకడు ముందుకు జరిగాడు. "మేస్త్రీ, నీ పని రంగేసేది. అది చూసుకో."

కుర్రాయన స్టీరింగు వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దిగి, తను వచ్చిన కారెక్కి పోయాడు. మేస్త్రి రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. "చెప్పినా గదరా?" అన్నాడు. "చెప్పినావప్పా" అన్నాను.

మరునాడు ముందు తలుపు కొలత అట్టముక్క మీద గీసి నా చేతికిచ్చాడు. "దీనికీ పలక పడాల." ఎవరి కోసమని నేను అడగలేదు. ఆ వారంలోనే పోయాడు.

ఇట్లాంటి మనిషిని ధైర్యవంతుడని రాస్తే ఆయనే ఒప్పుకోడు. ఆయన భయపడ్డాడు. భయపడుతూనే చెప్పాడు. నాకు కోపం తప్ప ఏమీ లేని రోజుల్లో ఆయన ఆ రెండో పని నేర్పాడు. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

దినాలయ్యాక షెడ్డు తెరిచాను. బండి కోసం ఇంతవరకు ఎవరూ రాలేదు, ఫోనూ చేయలేదు. నిన్న మధ్యాహ్నం షట్టరు మోకాలి ఎత్తుదాకా దించుకొని, పలకను తలుపులో కూర్చోబెడుతున్నాను. బయట ఒక కారు ఆగింది. షట్టరు కింది సందులో బూట్లు రెండు వచ్చి నిలబడ్డాయి. పిలవలేదు, కదలలేదు. నాకు భయమేసింది. సుత్తి మాత్రం ఆపలేదు.