పశువుల కొట్టంలో నల్ల మోరిస్

తొర్రూరు నుంచి మరిపెడ పోయే తొవ్వల, నాలుగు మైళ్లు దాటినంక ఎడమ పక్కకు ఒక ఊరు వస్తది. ఆ ఊళ్లె వెంకట్రాం వాళ్ల పశువుల కొట్టంలో ఒక నల్ల మోరిస్ కారు పన్నెండేండ్లు కదలకుండ నిలబడ్డది. ఆయన తండ్రి దాన్ని హైదరాబాదుల ఒక నవాబు ఇంట్లనుంచి పాతదే కొనుక్కొచ్చిండు. తండ్రి బతికినన్ని రోజులు చుట్టుపక్కల పది ఊళ్లకు కారంటే అదొక్కటే. 1981 నాటికి దాని చక్రాలు నేలల దిగబడ్డయి. ముందు సీట్ల ఎలుకలు పిల్లల్ని పెట్టినయి, వెనక సీట్ల కోడి పొదుగుతుండె.

వెంకట్రాంకు అప్పుడు ముప్పై రెండేండ్లు. తొర్రూరు సమితి ఆఫీసుల గుమాస్తా. నౌకరి కాగితాల మీదనే గని పానమంతా యంత్రాల మీద. ఊళ్లె ఆయిలింజను మొరాయించినా, బావి మోటరు కాలినా ముందు ఆయనకే కబురొచ్చేది. చెవి పెట్టి ఒక్క నిమిషం విని రోగం చెప్తడని పేరు. అసొంటి మనిషి ఇంట్ల ఉన్న కారును మాత్రం ఒక్కనాడు ముట్టలేదు. ముట్టొద్దని వాళ్లన్న జగపతి మాట. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ ఎరుకే కాబట్టి.

1969 ఎండకాలం. ప్రత్యేక తెలంగాణ కొట్లాట నడుస్తున్న రోజులు. బస్సులు బందై తొవ్వల పొడుగునా బండలు, నరికిన కొమ్మలు పడి ఉండేవి. ఫలానా చోట కారు కాలబెట్టిన్రట, ఫలానా చోట లారీ అద్దాలు పగలగొట్టిన్రట అని రోజుకొక ముచ్చట ఊళ్లెకు వచ్చేది. అట్లాంటి ఒక నాడు పొద్దెక్కినంక, చొప్పకుప్ప తీస్తున్న రాజీని నాగుపాము కరిసింది.

వెంకట్రాం వాళ్లింట్ల పనిచేసే గట్టమ్మ బిడ్డ రాజీ. గట్టమ్మది భూపాలపల్లి దిక్కు. మొగడు పోయినంక పసిపిల్లను చంకన పెట్టుకొని బతకవచ్చింది. ఆ పిల్ల ఈ వాకిట్లనే పెరిగి పదిహేడేండ్లదైంది. జగపతి ఉరికిపోయి కారు తలుపు తెరిసిండు. రాజీని వెనక సీట్ల పండబెట్టిన్రు, తల తల్లి ఒళ్లె పెట్టిన్రు. చావి తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది గని అందుకోలేదు. జగపతి దిగి హ్యాండిల్ పెట్టి తిప్పిండు. అరచేతులు కమిలి నెత్తురొచ్చేదాక తిప్పిండు. వెంకట్రాం, జీతగాడు కాళి, ఇంకో ముగ్గురు కలిసి ఊరి చివరిదాక నెట్టిన్రు. బండి ఒక్కపారన్న దగ్గలేదు. ఇగ కాదని ఎడ్లబండి కట్టిన్రు. మానుకోట దవాఖాన ఇరవై మైళ్లు. సగం తొవ్వ కూడ దాటకముందే రాజీ పానం పోయింది.

నెల తిరగకముందే గట్టమ్మ మూట కట్టుకొని తన ఊరికి పోయింది. ఊళ్లె మాత్రం ఒక మాట మిగిలింది. జగపతి దొర బందుకు భయపడ్డడు, కారును కావాలని నడపలేదు అని. ఆ మాట జగపతి చెవులదాక పోయింది. ఆయన అవునన్లేదు, కాదన్లేదు. కారును తానే కొట్టంలకు నెట్టుకొచ్చి తలుపు పెట్టిండు.

పన్నెండేండ్లకు జనగామ నుంచి పాత ఇనుము కొనేటాయన వచ్చి కారు అడిగిండు. జగపతి ఇస్తనన్నడు. ఆ మాట విని వెంకట్రాం ఆ రోజు ఆఫీసుకు పోలేదు. తూకానికి పోయే ముందు తననొక్కసారి చూడనియ్యమని అన్నను బతిమాలిండు. ఆఖరికి జగపతి, తన కంటికి కనబడకుండ ఏమన్న చేసుకొమ్మన్నడు.

ఇగ ఆఫీసు లేని ఐతారమొస్తే వెంకట్రాం కొట్టంలనే. భార్య శశికళ మొదట నవ్వింది, తర్వాత కొంగు నడుముకు చెక్కుకొని తానూ వచ్చింది. కోడిని వేరే గంపలకు మార్చింది. సీట్లు బయటేసి దులిపింది. విప్పిన బోల్టులను, నట్లను కిరసనాయిల్ గిన్నెల కడిగి పాత చీర ముక్క మీద వరసగా ఆరబెట్టేది, ఏది ఎక్కడినుంచి తీసిందో మర్చిపోకుండ. ఇంజను పట్టేసి ఉంటదనే వెంకట్రాం అనుకున్నడు. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాలల్ల కిరసనాయిల్, ఇంజనాయిల్ కలిపి పోసి వారం రోజులు నాననిచ్చిండు. మరుసటి ఐతారం హ్యాండిల్ పెట్టి, బలమంతా పెట్టాల్సి వస్తదని కాళ్లు తన్నిపెట్టి తిప్పిండు.

తిరగలి తిరిగినట్టు తిరిగింది.

బలం వృథాపోయి ముందుకు తూలిండు. మళ్ల తిప్పిండు. ఎక్కడా పట్టు లేదు, చప్పుడు లేదు. లోపల ఒక్క ముక్క అరగలేదు, విరగలేదు. మంచిగున్న ఇంజను ఆ రోజు ఎందుకు అందుకోలేదో ఆయనకు సమజ్ కాలేదు. ఇగ చూడాల్సింది కరెంటు పోయే తొవ్వ. నాలుగు ప్లగ్గుల తీగలు వచ్చి కలిసే డిస్ట్రిబ్యూటర్ మూతకు రెండు దిక్కుల రెండు క్లిప్పులు ఉంటయి. అవి విడిపించి మూత లేపిండు.

లోపల ఖాళీ.

ఆ మూత కింద బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి ఉండాలె. రోటర్ అంటరు దాన్ని. అది తిరుగుకుంట నాలుగు ప్లగ్గులకు వంతుల వారీగ కరెంటు పంచుతది. అది లేకుంటే పెట్రోలు ఎంత పోసినా, ఎంతమంది నెట్టినా బండి నడవది. అది విరిగి కింద పడలేదు, అరిగిపోలేదు. మూత తీస్తే తప్ప అక్కడికి చెయ్యి పోదు. పట్టి లాగితే తప్ప అది ఊడిరాదు. తీసినవాళ్లు మళ్ల మూత జాగ్రత్తగ పెట్టి రెండు క్లిప్పులూ బిగించిన్రు.

వెంకట్రాం పశువుల గాడి మీద కూలబడ్డడు. మొహమెందుకట్ల పెట్టినవని శశికళ అడిగితే చేతిలున్న మూతను చూపించిండు. ఆమెకు అది మూత మాత్రమే. ఆయనకు మాత్రం ఊరి మాట నిజమైనట్టు కనబడ్డది. పన్నెండేండ్లు ఆ మాట అన్నోళ్లతోని తాను కొట్లాడిండు. ఒకసారి తొర్రూరు అంగట్ల ఒకని చొక్కా చింపిండు కూడ.

ఆ మూత పట్టుకొనే ఇంట్లకు పోయిండు. జగపతి నడువ గదిల మంచం మీద కూసొని పేపర్ చదువుతున్నడు. గోడ దగ్గర తల్లి సత్తెమ్మ చింతపండు గింజలు తీస్తున్నది. వెంకట్రాం గొంతు లేపకుండనే అడిగిండు.

"దీని లోపలి ముక్క ఎవరో తీసిన్రు అన్నా. నువ్వేనా?"

జగపతికి అర్థం కాలేదు. మూతను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. నడపడం తప్ప బండి లోపలి సంగతి ఆయనకు తెల్వదు. వెంకట్రాం ఒక్కొక్కటి చెప్పిండు. ఇంజను బాగనే ఉన్నదని, ఆ ముక్క లేనందుకే ఆ రోజు నడవలేదని.

"నేనే తప్పు చేసిననుకున్న తమ్మీ" అన్నడు. "ఆ రోజు నా చేతులు వణికినయ్. తొవ్వల కాలబెడ్తరని భయపడ్డ మాట నిజం. ఆ భయంల ఏదో తిప్పరానిది తిప్పిన, అందుకే కాలేదు అనుకున్న. ఊరోళ్లు అన్నదాంట్ల అబద్ధం లేదనుకున్న."

ఆ ఇంట్ల ఎవరూ అంతకుముందు ఆ మాట వినలేదు. పన్నెండేండ్లు ఒక మనిషి తన చేతులనే దోషమని మోసుకొని తిరిగిండని వెంకట్రాం కలల కూడ అనుకోలేదు. అన్న మొహం చూడలేక తల పక్కకు తిప్పిండు. అటు సత్తెమ్మ చేతిలున్న రాయి కింద పెట్టింది.

"జగపతిని అనకు. తీసింది నేను."

తర్వాత ఆమె చెప్పిందంతా చదివిన పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. వాళ్ల బాపు జాతరకు పోయినప్పుడు, కారును ఎవరూ తోలుకపోకుండ ఆ నల్ల ముక్క తీసి ఆమెకిచ్చేవాడట, ఆమె కొంగున ముడేసుకునేదట. ఆ బందు నాడు జగపతి జనగామకు కారులో పోతనని ముందు రోజే అన్నడు. ఎంత చెప్పినా ఇనడని, తెల్లారక ముందే లేచి మూత తీసి ముక్క కొంగున కట్టుకున్నది. పొద్దుగూకినంక మళ్ల పెడదామనుకున్నది. పొద్దెక్కినంక రాజీని పాము కరిసింది.

"నేను హ్యాండిల్ తిప్పేటప్పుడు అది ఎక్కడున్నది అవ్వా?" జగపతి అడిగిండు.

"నా కొంగులనే ఉన్నది."

"మరెందుకు ఇయ్యలే?"

"ఇస్తే పోతవు. పోతే తొవ్వల నిన్ను కారుతోనే కాలబెడ్తరనుకున్న. ఇస్త, ఇప్పుడిస్త అనుకుంటనే నిలబడ్డ. అంతలనే ఎడ్లబండి కట్టిన్రు."

మూడు రోజులైనంక దాన్ని బావిల ఏసిందట. వెనకనే వచ్చిన శశికళ గడప మీదనే కూసున్నది. జగపతి లేచి చెప్పులు కూడ ఏసుకోకుండ ఎండల బయటికి నడిసిండు. ఆ రోజు నుంచి ఆయన పడక చేను కాడి మోటరు కొట్టంల, తిండి తొర్రూరు హోటల్ల.

వెంకట్రాంను అన్నిటికంటె బెదరగొట్టింది వేరే ఉన్నది. ఆ సాయంత్రం తల్లి అన్నం పెడితే ఆయన తిన్నడు. ఆకలైంది, తిన్నడు, రెండోసారి పప్పు కూడ ఏయించుకున్నడు. చెయ్యి కడుక్కునేటప్పుడు అది ఎవరి చేతి అన్నమో గుర్తొచ్చి వాకిట్లనే చాలాసేపు నిలబడ్డడు.

మరునాడు సత్తెమ్మ కొడుకుతో ఒకటే మాటన్నది. కారు నడిచేటట్టు చెయ్యమని, గట్టమ్మ దగ్గరికి పోవాలని. బస్సుల పోదామంటే ఒప్పుకోలేదు, ఆ కారులనే పోవాలన్నది. వెంకట్రాం వరంగల్ పోయి పాత సామాన్ల దుకాణంల రోటర్ దొరికిచ్చుకున్నడు. పెట్రోలు టాంకుల గులకరాళ్లు ఏసి ఊపి ఊపి తుప్పు రాల్చిండు. బ్రేకుల రబ్బర్లు, టైర్లు, బ్యాటరీ కొత్తవి ఏసిండు. ఇరవై రోజులైనంక ఒక పొద్దుటిపూట హ్యాండిల్ సగం తిప్పిండో లేదో బండి అందుకున్నది.

ఆ చప్పుడుకు వాడకట్టంతా వచ్చింది. ఎవరూ సంబురపడలేదు. నాడు నెట్టినోళ్లల్ల ఉన్న కాళి ముసలోడై, కట్టె పట్టుకొని వచ్చి, కదులుతున్న బానెట్ మీద చెయ్యి పెట్టి చప్పున తీసుకున్నడు. ఏం మార్చినవని అడిగిండు. వెంకట్రాం ఏం చెప్పాల్నా అని చూస్తుండంగనే సత్తెమ్మ వాకిట్లకు వచ్చి, ఆ రోజు ఇంట్ల చెప్పిన తీరుగనే, అంతమంది ముందట మొదటినుంచి చివరిదాక చెప్పింది. ఒక్కరు తిట్టినా బాగుండనిపించింది వెంకట్రాంకు. కాళి మాత్రం తన చేతులు చూసుకొని, ఆ రోజు భుజం జారి నెల్లాళ్లు మంచంల ఉన్న అన్నడు, ఇంటికి పోయిండు.

బయలుదేరే నాడు తెల్లారంగ జగపతి వచ్చిండు. ఎవరు కబురు చేసిన్రో తెల్వదు. భుజం మీద తువ్వాల సదురుకొని తమ్ముని దిక్కు చెయ్యి చాపి చావి అడిగిండు. తల్లి దిక్కు చూడలేదు. వరంగల్ దాటి, పరకాల దాటి, భూపాలపల్లి అడవి మొదలయ్యేదాక ఎక్కడా ఆపకుండ తోలిండు. స్టీరింగ్ మీద ఆయన చేతులు నిలకడగ ఉన్నయి. వెంకట్రాం తొవ్వకంటె ఆ చేతులనే ఎక్కువ చూసిండు.

గట్టమ్మ ఒక కల్లంల తునికాకు కట్టలు కడుతున్నది. జుట్టంతా తెల్లబడ్డది. కారును చూసి గుర్తుపట్టింది, లేవలేదు. సత్తెమ్మ ఆమె ముందట నేల మీదనే కూసొని చెప్పింది. చెప్పినంతసేపు గట్టమ్మ చేతులు ఆగలేదు. ఆకులు లెక్కపెట్టి, సదిరి, నారతో చుట్టి పక్కకు ఏసింది. అంతా అయినంక తల లేపింది.

"సత్తెమ్మా" అన్నది.

పక్కనున్న వెంకట్రాం ఉలిక్కిపడ్డడు. పనిచేసే మనుషుల నోట తల్లిని దొరసాని అనడమే ఆయన విన్నడు, పేరు పెట్టి పిలవడం ఎన్నడూ వినలేదు.

"నా బిడ్డ బతికేదా?"

"తెల్వది."

"అది నీ కొంగు దిక్కు చెయ్యి చాపింది. యాదికున్నదా? నీళ్లకు అనుకున్న. ఆ ముక్క నీ కొంగులున్నదని దానికి ఎరుకేనన్నమాట."

సత్తెమ్మ యాదికున్నదన్నది. ఆ సంగతి ఆమె కొడుకులకు చెప్పలేదు. జగపతి పోయి కారుకు మొహం ఆనించి నిలబడ్డడు.

గట్టమ్మ లేచి గుడిసెలకు పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. జగపతికి ఇచ్చింది. గట్టమ్మ కులపోళ్ల చెంబును దొర ఇంటోళ్లు తరతరాలుగ ముట్టరు. ఆయన గటగట తాగిండు. తర్వాత వెంకట్రాంకు ఇచ్చింది. మిగిలిన నీళ్లు నేల మీద పారబోసి, ఇగ పోన్రి, ఎండ ఎక్కుతదన్నది. సత్తెమ్మకు ఇయ్యలేదు. సత్తెమ్మ అడగలేదు. వరంగల్ చేరేదాక ఆమె ఎక్కడా గుక్కెడు నీళ్లు తాగలేదు.

ఆ తర్వాత గట్టమ్మ వాళ్ల ఊరికి ఎన్నడూ రాలేదు, వీళ్లూ మళ్ల పోలేదు. కారు మాత్రం నడిచింది. కాన్పులని, జ్వరాలని ఎవరు పిలిచినా జగపతే మానుకోటకు తోలుకపోయేటోడు. ఊరి మాట మారింది, గని మారిన సంగతి ఆయన గమనించినట్టు లేదు.

ఎనిమిది నెలలు ఆయన ఇంట్ల తినలేదు. పుష్యమాసంల ఒక మధ్యాహ్నం, వెంకట్రాం తింటుండంగ వచ్చి పక్కన పీట ఏసుకొని కూసున్నడు. శశికళ గిన్నె అందుకోబోయింది. ఆమె కంటె ముందే సత్తెమ్మ లేచింది, అన్నం పెట్టింది, చారు పోసింది. జగపతి కలిపి ఒక ముద్ద తిన్నడు. వెంకట్రాం తన ముద్ద నోటిదాక తెచ్చి అట్లనే ఆగిండు.

"ఉప్పు తక్కువైంది" అన్నడు జగపతి.

సత్తెమ్మ ఉప్పు డబ్బ తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.