తాడు ఆరేదాకా

ఎత్తయిన భవనాలకు తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడవడం మనవాడి పని. సెలవొస్తే చాలు, ఆ తాడుకి స్నానం. గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు, నీడలో ఆరబెట్టడం. కన్నకూతురికి కూడా ఇంత సేవ చేయలేదని తనే ఒప్పుకుంటాడు. ఇంట్లో అతను పెట్టిన చట్టం ఒక్కటే: తాడు తొక్కినవాళ్లు వారమంతా అంట్లు తోమాలి. తొక్కితే ఇసుక లోపలికి దిగి పోగుల్ని కోసేస్తుందట.

ఈసారీ గదినిండా తాడు వరసలు వరసలుగా పరిచి, నడుం పట్టుకుని లేచి చూసుకున్నాడు. తను కిటికీ మూల, తలుపు అవతల, మధ్యలో అంతా తాడే. గుమ్మం దగ్గర మొదలుపెట్టిన తన తెలివికి తనే దండం పెట్టుకున్నాడు. మళ్లీ చుట్టాలంటే ఒళ్లు బద్ధకం. “ముప్పై అంతస్తులు దిగే మొనగాణ్ణి, నాకిదో లెక్కా!” అనుకుని ఎగిరి దూకాడు. మడమ సరిగ్గా తాడు మీదే పడింది.

ఆ చప్పుడుకి భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. నవ్వనైనా నవ్వలేదు.

“రండి. గోరువెచ్చని నీళ్లు పెట్టాను, మెత్తని సబ్బు కూడా ఉంది. తోమాక గిన్నెల్ని నీడలోనే ఆరబెట్టండి, పాపం!” అంది.