కుందేళ్లకు జ్వరం తెచ్చిన ఎదుర్కోళ్లు

నా కొలువు కుందేళ్లకు జ్వరం చూడడం. ఈ మాట చెబితే మా గల్లీలో ఎవరూ నమ్మరు. మొదట్లో పక్కింటామె అడిగింది, "చేయి పట్టుకొని చూస్తవా అక్కా, నాలుక కింద పెడతవా?" అని. ఎక్కడ పెడతానో చెప్పాను. ఆ రోజు నుంచి నా చేత్తో ఇచ్చిన చాయ్ తాగడం మానేసింది. సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటానే తల్లీ అన్నా వినలేదు.

శంషాబాద్‌లో మాది మందులు పరీక్ష చేసే చోటు. షాద్‌నగర్ దిక్కు ఒక ఫ్యాక్టరీలో సెలైన్ సీసాలు తయారవుతాయి. అవి దవాఖానలకు పోయే ముందు మా దగ్గరకు కొన్ని వస్తాయి. ఆ నీళ్లు కొంచెం కుందేలు చెవి నరంలోకి ఎక్కిస్తారు. నీళ్లలో కంటికి కనపడని మురికి ఉంటే కుందేలుకు జ్వరం వస్తుంది. రాకపోతే మనిషికీ రాదని లెక్క. ఇది నేను పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతేనట. ఇప్పుడు కుందేలు లేకుండా గాజు గొట్టంలోనే చూసే ఉపాయాలు వచ్చాయని, అయినా కొనేవాళ్లలో కొందరు ఇంకా కుందేలునే అడుగుతారని మా మేడం చెప్పింది. మేడం గుంటూరు దిక్కు పిల్ల. బాగా చదువుకుంది. నన్ను "అమ్మా, మీరు" అని పిలుస్తుంది. మొదటి రోజు వెనక్కి తిరిగి చూశాను, ఎవరిని పిలుస్తోందా అని.

కాటేదాన్‌లో రేకుల పని చేసే నా పెనిమిటి పోయాక నాకు దొరికిన కొలువు ఇది. మా గల్లీ నుంచి నడిచిపోయేంత దూరం. చదువు అడగలేదు. ఒక్కటే కష్టం, నా గొంతు. చిన్నప్పటి నుంచీ నాది పగిలిన గొంతు. నేను మామూలుగా మాట్లాడినా కొట్లాడుతున్నాననే అనుకుంటారు. కుందేళ్ల గదిలో ఏమో గుసగుసలే మాట్లాడాలి. కుందేలు బెదిరితే ఒళ్లు వేడెక్కుతుంది, లెక్క తప్పుతుంది. పొద్దంతా గుసగుసలాడి ఇంటికొచ్చాక గిన్నెలతో గట్టిగా మాట్లాడుకునేదాన్ని.

విమానాలంటే మా కుందేళ్లకు లెక్కే లేదు. వాటి కిందే పుట్టి పెరిగాయి. చిక్కు తెచ్చింది పక్కన కట్టిన ఫంక్షన్ హాలు. లోపలి చప్పుడు గోడలు దాటి రాదు. పెళ్లికొడుకును ఎదుర్కొని తీసుకొచ్చేటప్పుడు డీజే బండి మాత్రం సరిగ్గా మా కిటికీ ముందు నిలబడుతుంది. లగ్గాల కాలం మొదలయ్యాక సీసాలు వరుసగా ఫెయిల్ కాసాగాయి. నేను దిష్టి అన్నాను. ఉప్పూ మిరపకాయలూ తెచ్చి తిప్పుతానంటే, "లోపలికి మిరపకాయలు తేకండమ్మా, దండం పెడతాను" అంది మేడం. ఒకరోజు ఇంకా సూది కూడా వేయకముందే బయట డోలు ధన్‌మని మోగింది. జ్వరం చూపించే మిషను అద్దం మీద అంకెలు పైకెక్కాయి. అప్పుడు పట్టుకుంది మేడం, ఇది సీసాల జ్వరం కాదు, పెళ్లిళ్ల జ్వరం అని.

బిడ్డకు సంబంధాలు చూసే హడావుడిలో ఉన్న మేనేజర్ సారు ఇదంతా వినలేదు. "కంపెనీవాళ్లకు ఏం చెప్పాలె? పెండ్లి అయితుండె, గందుకే కుందేలుకు జ్వరమొచ్చిందని చెప్పాల్నా? ఈసారి గూడ గిట్లనే అయితే ఈ రూముకు తాళమేస్త. టెస్టులన్నీ షాద్‌నగర్‌ల చేసుకుంటరు" అన్నాడు. షాద్‌నగర్‌లో వాళ్ల మనుషులు వాళ్లకున్నారు. నన్నెవరు పిలుస్తారు? ఆ తాళం కుందేళ్ల గదికి కాదు, నా పొయ్యికి.

అందుకే తర్వాతి పరీక్ష రోజు పని మొదలుపెట్టకముందే మేడం హాలు వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది. పెళ్లి సాయంత్రం, పొద్దున ఏమీ లేదన్నాడు. ధైర్యంగా మూడు కుందేళ్లను పెట్టెల్లో కూర్చోబెట్టాం. తలలు బయటికి, ఒళ్లు లోపలికి, వెనక జ్వరం చూసే వైరు. సూదులు వేయడం అయింది. ఇక కొన్ని గంటలు కదలకుండా అంకెలు చూడడమే పని. అంతలో దూరం నుంచి డీజే. సాయంత్రం లగ్గానికి పెళ్లికొడుకును పొద్దున్నే తెస్తున్నారు.

మేడం ముఖం తెల్లబోయింది. తను లేవడానికి లేదు. "అమ్మా, ఏదో ఒకటి చేయండి" అంది గుసగుసగా. నేను నీలం కోటు విప్పి పడేసి, రోడ్డు మీదికి ఉరికాను.

బండి ముందు పిల్లలు దుంకుతున్నారు. వెనక పూలు చుట్టిన కారులో పెళ్లికొడుకు. నేను నడిరోడ్డు మీద నిలబడి రెండు చేతులూ ఎత్తాను. అందరికంటే ముందు నన్ను చూసింది పాగా చుట్టుకున్న పెద్దమనిషి. ఆయన చూపు నా ముఖం మీద బొట్టు లేని చోట ఆగింది.

"ఓ అమ్మా! పక్కకు జరుగు. పెండ్లికొడుకు వస్తుండు, నువ్వు ఎదురొస్తవేంది?"

ఆ మాట నాకు కొత్త కాదు. నా మేనకోడలి పెళ్లిలో కూడా గోడ పక్కకు జరిగి నిలబడ్డదాన్నే. ఆ రోజు మాత్రం జరగబుద్ధి కాలేదు. ఎన్ని రోజుల గుసగుసలో ఒక్కసారే బయటికొచ్చాయి.

"జరుగుత బాపూ! ముందుగాల ఆ డబ్బా బంద్ చేయుండ్రి. చేసేదాక ఈడనే ఉంట. మంచిగ చూసుకో నా మొఖం!"

డీజే కంటే నా గొంతే పెద్దగా వినిపించిందో ఏమో, డీజే పిల్లవాడు భయపడి ఆపేశాడు. "అరె, ఆపకురా! అపశకునం!" అని పాగా ఆయన. "ఈమె పోతలేదు గదనే!" అని వాడు. పెద్దమనిషికి ముందుకు రావడానికీ లేదు, నన్ను ముట్టుకొని పక్కకు నెట్టడానికీ లేదు. కారును వెనక్కి తిప్పమన్నాడు. డ్రైవర్ "ఎనకకు తిప్పుతే అపశకునం కాదా పెద్దనాయినా?" అన్నాడు.

అన్నిటికంటే వెనక అద్దాలు ఎక్కించి ఉన్న కారులోంచి ఒకామె దిగింది. మంచి పట్టుచీర. ముఖాన బొట్టు లేదు.

"ఏందిరా లొల్లి?"

"ఏం లేదొదినా, నువ్వు కార్ల కూసో. ఈమె ఎదురొచ్చింది..."

"ఎదురొస్తే ఏమైతది? వాన్ని కన్న నేను గూడ గిట్లనే ఉన్న గద. నన్నేమో అద్దాలు మూసి తెస్తున్నరు. ఈమె మూత లేకుంట నిలబడ్డది, గంతే."

ఆమె నా దగ్గరకు వచ్చి, "ఏం కావాలె అక్కా?" అంది.

"గా రూముల కుందేళ్లకు జ్వరం చూస్తున్నమక్కా. సప్పుడైతే వాటికి ఒళ్లు కాలుతది. కాలితే నా కొలువు పోతది."

"కుందేళ్లకు జ్వరమా?" అని డోలు కొట్టేవాడు నవ్వాడు. "మేం దవాఖానకు పోతే మమ్ముల్నే ఎవ్వరు చూస్తలేరు!"

పెళ్లికొడుకు కారులోంచి తల బయట పెట్టాడు. "అమ్మా, నా దోస్తులు ఇంకా మంచిగ దుంకనే లేదు."

"హాల్ల దుంకుతరు. నడు."

అట్లాంటి ఎదుర్కోళ్లు నేనెప్పుడూ చూడలేదు. డీజే ఆపిన బండి ముందు పిల్లలు చప్పుడు లేకుండానే చేతులూపుకుంటూ దుంకారు. డోలువాడు కర్రలు చంకలో పెట్టుకున్నాడు. అందరికంటే ముందు తల్లి నడిచింది, నా చేయి పట్టుకొని. పాగా పెద్దమనిషి మాత్రం మమ్మల్నిద్దరినీ చూడకుండా ఆకాశం దిక్కు చూస్తూ వచ్చి గుంతలో కాలు పెట్టాడు.

నేను లోపలికి వచ్చేసరికి ఒక కుందేలుకు వేడి కొంచెం ఎక్కింది. ఎక్కింది మెల్లగా దిగింది. మిగిలినవి రెండూ ఏమీ జరగనట్టే ముక్కులు కదిలిస్తున్నాయి. సమయం అయ్యాక, "జ్వరం లేదమ్మా, పాస్" అంది మేడం. గట్టిగా నవ్వబోయి నోరు మూసుకున్నాం.

మేనేజర్ సారు సంబరంగా వచ్చాడు. "రూము ఉంటది, నువ్వు ఉంటవు. ఇగ లగ్గాలున్న దినాలల్ల జర గేటు ముందట నిలబడు. నిన్ను చూస్తే ఒక్కడు రాడు" అన్నాడు.

"నిలబడుత సార్. మీ బిడ్డ లగ్గం నాడు గూడ ఈడనే నిలబడాల్నా, మీ ఇంటికి రావాల్నా?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మేడం అద్దం మీది అంకెలను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. వారం తిరగకముందే సారు స్టోర్ సామానంతా ముందు గదికి తెప్పించి, కుందేళ్లను హాలుకు దూరంగా వెనక గదికి మార్పించాడు. బోనులు మోసింది నేనే.