అన్నయ్యగారు కోటు తొడుక్కున్న పూట

మొన్న శనివారం పొద్దున మా వీధి చివరి ఇంటి కుర్రవాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. కుర్రవాడంటే నలభై దాటినవాడే, నా కళ్లకు కుర్రవాడు. వాళ్ల ఆఫీసులో లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్సు తీసుకుంటారా అని అడుగుతున్నారట, శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలట. "ఆంటీ, మీరు ఇవే అమ్మేవారట కదా, అసలు ఇది వర్త్ అంటారా?" అన్నాడు. అమ్మడం మానేసి చాలా ఏళ్లయినా నోరు మరిచిపోలేదు. జబ్బు చేస్తే డాక్టరుకూ ఆసుపత్రికీ ఈ అమెరికాలో ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ ఉంటుంది గానీ, పెద్దతనంలో నెలల తరబడి మనకు స్నానం చేయించి బట్టలు తొడిగే మనిషికి అది ఇవ్వదనీ, ఈ పాలసీ అందుకోసమేననీ చెప్పాను. స్నానం, బట్టలు వేసుకోవడం, అన్నం తినడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, బాత్రూముకు వెళ్లడం, ఒంటికీ రెంటికీ అదుపు ఉండడం, ఈ ఆరింటిలో ఏ రెండైనా ఇంకొకరి సాయం లేకుండా చేసుకోలేకపోతేనో, మతి తప్పితేనో కంపెనీ ఇస్తుందని చెప్పాను. అదైనా వాళ్ల నర్సు ఇంటికి వచ్చి చూసి, అడిగి, రాసుకుని వెళ్లాకనే అని కూడా చెప్పాను. "నర్స్ వచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాం కదా ఆంటీ, అందులో ఏముంది?" అని నవ్వి, నేనిచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. స్వతహాగా నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను, మా వారు ఉన్న రోజుల్లో నన్ను కాలుగాలిన పిల్లి అని ఏడిపించేవారు. ఇప్పుడు మరీ ఘోరం. మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టాను, నడకకని బయలుదేరి, మా మోరిస్‌విల్ ఊళ్లో ఈ వసంతకాలంలో కార్ల మీదా మెట్ల మీదా పసుపు చల్లినట్టు పడే పుప్పొడికి తుమ్ములొచ్చి సందు మలుపు నుంచే తిరిగొచ్చాను. అందులో ఏముంది అన్నాడు ఆ అబ్బాయి. ఏముందో నాకు తెలుసు, తెలిసి కూడా అతనికి చెప్పలేకపోయాను. మన ఈడువాళ్లతో అయినా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

పిల్లలు హైస్కూలుకు వచ్చాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, పరీక్ష రాసి ఇన్సూరెన్సు లైసెన్సు తెచ్చుకున్నాను. మా వారు పరిశోధనశాలలో ఎలుకలతో కుస్తీ పడుతుంటే, నేను నల్లటి బైండరు పట్టుకుని మన తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగేదాన్ని. మనవాళ్ల మర్యాద మీకు తెలియనిదా, కూర్చోబెట్టి, పెసరట్టు పెట్టి, కాఫీ ఇచ్చి, నేను బైండరు తెరవగానే, "శుభమా అని వచ్చి ఆ మాటలెందుకండీ" అనేవాళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఈ కంపెనీలు ఒప్పుకోవు, ఒంట్లో బాగున్నప్పుడే తీసుకోవాలి అని నెత్తీ నోరూ కొట్టుకున్నా, ఇంకో పెసరట్టు వేసేవాళ్లే గానీ సంతకం పెట్టేవాళ్లు కాదు. మొదటి ఏడాదంతా నేను బరువు పెరిగాను తప్ప వ్యాపారం పెరగలేదు.

నా మొదటి పాలసీ తీసుకున్నది మా అన్నయ్యగారు, అంటే మా వారి అక్కగారి భర్త. ఆయన వంతెనల ఇంజనీరు. అరవై దాటబోతున్నారు, రాయిలా ఉండేవారు. తమ్ముడి పెళ్లాం కష్టపడుతోంది, ఒక సంతకం పెడితే పోలా అని వదిన పురమాయించి ఉంటుంది. కానీ ఆయన ఊరికే సంతకం పెట్టే రకం కాదు. ఆ పాలసీ పుస్తకం మొత్తం పెన్సిలు పట్టుకుని చదివి, అడ్డగీతలు గీసి, నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పని ప్రశ్నలు వేశారు. మొదటి తొంభై రోజులూ మన చేతినించే పెట్టుకోవాలా, కట్టుకున్న భార్య చేస్తే ఇస్తారా లేక లైసెన్సున్న మనిషే రావాలా, మతి తప్పి ప్రీమియం కట్టడం మరిచిపోతే పాలసీ పోకుండా ఇంకెవరికైనా ఉత్తరం పంపుతారా, అన్నీ అడిగారు. నేను ఇంటికి పరిగెత్తి, కంపెనీకి ఫోన్లు చేసి, జవాబులు పట్టుకెళ్లేదాన్ని. నాకు ఆ పని వచ్చిందంటే ఆయన వల్లనే వచ్చింది. ఆ ఉత్తరం అందుకునే మనిషిగా నా పేరే రాశారు. అన్ని పేజీలు చదివిన ఆయనకూ, అన్ని జవాబులు తెచ్చిన నాకూ, నర్సు వచ్చే పూట ఎలా ఉండాలన్నది మాత్రం తట్టలేదు.

పదేళ్లు గడిచేసరికి అన్నయ్యగారికి పార్కిన్‌సన్స్ వచ్చింది. మొదట చెయ్యి వణుకు, తరవాత నడక బిగుసుకుపోవడం, ఆ తరవాత కూర్చున్నవారు లేవలేకపోవడం. వదిన ఎవరినీ రానివ్వలేదు, అన్నీ తానే చేసేది. ఆవిడ చూస్తే నా భుజం దాకా వచ్చే మనిషి, ఆయన ఆరడుగులు. ఒకరోజు స్నానాల గదిలో ఆయన జారబోతే పట్టుకోబోయి ఇద్దరూ పడ్డారు. ఆయనకేం కాలేదు, ఆవిడకు నడుము పట్టేసింది. లేవలేక, ఆయన్ని లేపలేక, టబ్బు పక్కన ఇద్దరూ అట్లాగే కూర్చుని ఉంటే, పండ్లు ఇవ్వడానికని వెళ్లిన నేను చూశాను. ఇంకోసారి పడితే ఆవిడ లేవదని డాక్టరు నా ఎదుటే చెప్పాడు. ఆవిడ మంచాన పడితే ఆయన్ని నర్సింగ్‌హోముకు పంపడం తప్ప దారి లేదు, అక్కడ ఆ ఉడకబెట్టిన బంగాళదుంపలు తింటూ, తెలుగు మాట వినబడకుండా ఆయన ఎన్నాళ్లు బతుకుతారు? ఆ సాయంత్రమే క్లెయిము కాగితాలు నింపి పంపాను.

నర్సు రావడానికి రోజు ఖాయం చేస్తూ కంపెనీవాళ్లు వదినకు ఫోన్ చేశారు. నేను ఆ వారం దేశానికి ఆ చివరనున్న బాతెల్‌లో మా అమ్మాయి పురిటికి వెళ్లాను. తిరిగొచ్చాక వదినే సంబరంగా చెప్పింది. అమెరికా ఆవిడ ఇంటికి వస్తోందని తెల్లవారుజామునే ఆయనకు స్నానం చేయించిందట, గడ్డం గీసిందట, ఆఫీసు రోజుల నాటి నీలం కోటు తొడిగి టై కట్టిందట. మాత్ర వేసుకున్న గంటకు ఆయన కాస్త తేలికవుతారు కదా, అందుకని ఆవిడ పదింటికి వస్తుందంటే తొమ్మిదింటికే మాత్ర వేసిందట. ఆయన కాఫీ ఒలకకుండా కప్పులో సగమే పోసిందట. ఆయన కోటు గుండీ సర్దుకుని, ఒక్క ఊపున లేచి, చెయ్యి కలిపి, పాత వంతెనల కబుర్లు చెప్పారట. స్నానం మీరే చేస్తారా అని నర్సు అడిగితే అవునన్నారట. బట్టలు మీరే వేసుకుంటారా అంటే అవునన్నారట. వదిన పక్కన నిలబడి తలూపిందట. ఆవిడకు ఉప్మా కూడా పెట్టిందట, చాలా బాగుందందట.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు చక్కగా దుస్తులు ధరించి, నున్నగా క్షవరం చేసుకుని, తనంతట తాను లేచి అతిథిని ఆహ్వానించారు కనుక సాయం అవసరమని తేలలేదు అని రాశారు. వాళ్లది తప్పని ఎట్లా అనను, చూసిందే రాశారు. కోపమంతా నా మీద నాకే వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్లెవరైనా సరే మనకు చుట్టాలే, చుట్టాల ముందు మన నలత కనబడనివ్వం, మంచాన ఉన్నవాళ్లు కూడా లేచి బాగున్నామనే అంటారు. ఇన్నేళ్లు మన ఇళ్లల్లో పెసరట్లు తిని తిరిగినదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

మళ్లీ చూడమని కంపెనీకి రాసుకోవచ్చు, రాశాను. కానీ వదినను ఒప్పించడం నా వల్ల కాలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నా లైసెన్సు ఆవిడ దగ్గర చెల్లలేదు. ఈసారి నర్సు వచ్చే పూట స్నానం చేయించవద్దు, గడ్డం గీయవద్దు, మాత్ర ఎప్పటి వేళకే వెయ్యి, రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండనీ అన్నాను. అబద్ధం చెప్పమనడం లేదు వదినా, చెప్పిన అబద్ధాన్ని మానమంటున్నాను అని కూడా అన్నాను, విసురుగానే అన్నాను. ఆవిడ చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది.

"నలుగురిలో ఆయన్ని ఎన్నడూ తక్కువ కానివ్వలేదమ్మాయ్. ఇప్పుడు నా నోటితో ఆయనకు చేతకాదని చెప్పమంటావా? తథాస్తు దేవతలు ఉంటారు."

నర్సు మళ్లీ వచ్చేదాకా ఆ రెండు వారాలూ నేను నిద్రపోయింది తక్కువ, ఫోను మోగితే మళ్లీ ఎక్కడ పడ్డారోనని పరిగెత్తేదాన్ని.

రెండోసారి వేరే నర్సు వచ్చింది, కొంచెం పెద్దావిడ, నెమ్మదస్తురాలు. నేను ముందే వెళ్లి కూర్చున్నాను. అన్నయ్యగారు ముడతలు పడ్డ పైజమాలో, మూడు రోజుల గడ్డంతో ఉన్నారు. వదిన నా మాట విన్నదో, లేక ఆయనే స్నానం వద్దన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నర్సు మొదటి ప్రశ్న వేసింది. ఆయన వదిన వైపు చూశారు, వదిన కార్పెట్ వైపు చూస్తోంది. నేను నోరు తెరవకుండా ఉండడానికి నా చేతిసంచీ పట్టీ మెలిపెడుతున్నాను. అప్పుడాయన వదినతో, "కాఫీ పెట్టు" అన్నారు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది.

ఆవిడ వెళ్లాక మొదలుపెట్టారు. వంతెనలు తనిఖీ చేసి వచ్చి పై అధికారులకు ఎలా చెప్పేవారో అదే గొంతు, అదే ఇంగ్లీషు. చొక్కా గుండీ పెట్టుకోలేను. టబ్బులోకి కాలు ఎత్తలేను, భార్య ఎత్తి పెడుతుంది. మంచం మీంచి లేవాలంటే ఆమె మెడ పట్టుకుంటాను, అందువల్ల ఆమె నడుము పాడైంది. బాత్రూములో కూడా ఆమే. అంతవరకు నాకు తెలిసినవే. ఆ తరవాత, ఏడాదిగా నా చేత్తో నేను అన్నం తినలేదు, కిటికీ తెరలు వేసి ఆమె నాకు కలిపి పెడుతుంది అన్నారు. పోయినసారి మీ ఆఫీసు మనిషికి ఇవేవీ చెప్పలేదు, సిగ్గుపడ్డాను, క్షమించండి అని కూడా అన్నారు. వారం వారం ఆ ఇంట్లో భోజనం చేసినదాన్ని, మేము ముందు తినేశాం, నువ్వు కూర్చో అని వదిన ఎందుకంటుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

వంటింటికీ హాలుకూ మధ్య తలుపు లేదు. అన్నీ వినబడే ఉంటాయి. వదిన కాఫీ తెచ్చి నర్సుకు ఒకటి, నాకొకటి ఇచ్చింది. మూడోది ఆయన పక్కనున్న బల్ల మీద పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. ఆయన కుర్చీ చేతి మీద కూర్చుని, ఊది, ఆయన గడ్డం కింద కొంగు పట్టి, ఆ పరాయి మనిషి ఎదుటే నెమ్మదిగా తాగించింది. ఆయన తాగారు. నర్సు రాసుకోవడం ఆపి, కాఫీ పూర్తయ్యేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

క్లెయిము వచ్చింది. తొంభై రోజులు గడిచాక కంపెనీ ఖర్చు మీద రోజూ ఒక మనిషి రావడం మొదలైంది, ఘానా దేశపావిడ, ఆయన్ని పసిపిల్లవాడిలా ఎత్తి కూర్చోబెట్టేది. వదిన నడుము నిలబడింది. అన్నయ్యగారు ఇంకా మూడేళ్లు బతికి తన మంచం మీదే పోయారు. అన్నం మాత్రం చివరిదాకా వదినే పెట్టింది, ఆ ఘానా ఆవిడ ఎంత అడిగినా ఇవ్వలేదు. కిటికీ తెరలు మాత్రం మళ్లీ వేయలేదు.

ఆ తరవాత నా దగ్గర పాలసీ తీసుకున్న ప్రతి ఇంట్లోనూ చివర, నర్సు వచ్చే పూట రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండని కూడా చెప్పి లేచేదాన్ని. ఇప్పటివాళ్లకు ఆ అవసరం లేదనుకుంటాను. మా అమ్మాయి ప్రతి ఆదివారం ఫోన్ చేసి, అమ్మా, మెట్లు ఎక్కగలుగుతున్నావా, టబ్బులో పట్టుకోవడానికి రాడ్ పెట్టించావా అని ఒక్కొక్కటీ అడిగి ఎక్కడో రాసుకుంటుంది, నేనూ దాచకుండా చెబుతాను, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నానని కూడా చెప్పాను. ఇది మంచిదే. దాచుకుని నడుములు విరగ్గొట్టుకున్న కాలం మళ్లీ రావాలని నేను కోరుకోను.

నాకూ ఒక పాలసీ ఉంది. ఏదో ఒకరోజు ఆ నర్సు నా ఇంటికీ వస్తుంది. ఆ అబ్బాయి అన్నట్టు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, ఒక్క పూటలో తేలిపోతుంది. మూడు రోజులుగా ఇల్లంతా తిరుగుతున్నది అందుకు భయపడి కాదు. ఆ రోజు నా పక్కన నిలబడి, లేదండీ, ఆవిడ పనులన్నీ ఆవిడే చేసుకుంటుంది అని నా కోసం అబద్ధం చెప్పే మనిషి ఈ ఇంట్లో లేరు.