నేల మీద పడ్డ డైస్

2022లో బెంగళూరు మారతహళ్ళిలోని ఒక బోర్డ్‌గేమ్ కేఫ్‌లో గేమ్ మాస్టర్‌గా చేరాను. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్‌లో ఆటగాళ్ళు తలో పాత్రగా మారి కథ నడుపుతారు. తలపెట్టిన పని ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది; పెద్ద అంకె పడితే గెలుపు. కథ పగ్గాలు గేమ్ మాస్టర్ చేతిలో ఉంటాయి.

అంతకుముందు రెండేళ్ళు ఆన్‌లైన్‌లోనే ఆడించాను. అక్కడ మీట నొక్కితే డైస్ దానంతటదే దొర్లుతుంది. అదీ ఒక ఆటేనా అని నాకు చిన్నచూపు. అందుకే కేఫ్‌లో చేరగానే నా ఆన్‌లైన్ గుంపులోని నలుగురినీ బల్ల దగ్గరికి రమ్మని వెంటపడ్డాను. ముగ్గురు ఎగిరి గంతేశారు. కాటన్‌పేట బట్టల వ్యాపారుల ఇంటావిడ సులోచనమ్మగారు మాత్రం "నాకు కంప్యూటరే మేలప్పా" అన్నారు. అరవై దాటిన మనిషి. కెమెరా ఎప్పుడూ ఆపేసి ఉంచేవారు. ఆమె పాత్ర పేరు చంద్రి, విలుకత్తె, మా అందరిలోకీ ధైర్యస్థురాలు. పోరి పోరి ఒప్పించాను.

మొదటి ఆదివారం, చంద్రి బాణం వేయాల్సిన ఘట్టం వచ్చింది. సులోచనమ్మగారి చెయ్యి గడగడా వణికింది. డైస్ బల్ల దాటి నేల మీద పడింది. అలా పడ్డ డైస్ చెల్లదని మా ఆటల్లో పాత ఆచారం. "మళ్ళీ వేయండమ్మా" అన్నాను. మళ్ళీ కిందే పడింది. రెండోసారీ అదే మాట అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి! ఆమె డైస్‌ను బల్ల మీద పెట్టేసి, చేతిని కొంగులో దాచుకున్నారు. అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు.

"పోనీ, ఫోన్లో నొక్కండమ్మా."

"అందరూ చేత్తో ఏస్తా ఉంటే నేనొక్కదాన్నే నొక్కేదా? ఇంట్లో కాఫీ లోటా గూడా పట్టనీరు నన్ను. మీ కంప్యూటర్ ఆటలో ఒకటే ఈ చెయ్యి ఎవురికీ తెలియకుండా ఉండె. ఇంక నేను రానప్పా, మీరు ఆడుకోండి."

మా గుంపులోనే ఉన్న, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే దివ్య అందుకుంది. "సార్, కింద పడితేనే కదా చెల్లదు? అందరం కిందే కూర్చుని ఆడితే?"

బల్ల గోడకు జరిపి చాపలు పరిచాం. కింద కూర్చోగలరా అని సులోచనమ్మగారిని అడగబోయాను.

"మోకాళ్ళు బాగానే ఉండాయిలే. అంగట్లో నేలమీద కూసోనే పెరిగినోళ్ళం" అంటూ ఆమె అందరికంటే ముందు చతికిలబడ్డారు.

ఈసారి డైస్ చాప కూడా దాటి పుస్తకాల అర కిందికి దూరింది. ఐదుగురం బోర్లా పడుకుని తొంగిచూశాం. రెండు! బాణం గురి తప్పింది.

"అయ్యో చంద్రీ!" అని సులోచనమ్మగారు ఆ వణికే చేత్తోనే నెత్తి కొట్టుకుని పకపకా నవ్వారు. ఆ చేతిని ఎవరూ చూడటం లేదు, అందరి కళ్ళూ డైస్ మీదే. "మళ్ళా నా వంతు ఎప్పుడప్పా?" అన్నారు.

స్క్రీన్ గొప్పా, బల్ల గొప్పా అని ఇప్పుడు నేనెవరితోనూ వాదించను. కొత్తవాళ్ళు వస్తే, ఎలా ఆడితే హాయిగా ఉంటుందో ముందే అడుగుతాను. మా గుంపు మాత్రం ఇప్పటికీ ఆదివారాలు చాపల మీదే ఆడుతుంది. మా దగ్గర నేల మీద పడ్డ డైసే చెల్లుతుంది.